టౌన్‌హాలు వేరు, మున్సిపల్ ఆఫీసు వేరు: పాత మిద్దె కారడం వెనక ఉన్న లెక్క

కర్నూల్లోనో కడపలోనో అనంతపురంలోనో "పాత టౌన్‌హాలు ఎక్కడ?" అని అడిగి చూడండి. ఒకరు మున్సిపల్ ఆఫీసు వైపు చెయ్యి చూపిస్తారు, ఇంకొకరు కలెక్టరాఫీసు అంటారు, మూడో ఆయన నాటకాలాడే హాలు దారి చెబుతాడు. తప్పు వాళ్ళది కాదు. సీమ ఊళ్ళల్లో ఈ మూడూ ఒకే రంగు వెల్లతో, ఒకే రకం కమానులతో, ఒకే తరహా వరండాలతో కనిపిస్తాయి. కానీ మూడింటికీ డబ్బు పెట్టినవాళ్ళు వేరు. ఎవరి డబ్బుతో కట్టారో తెలిస్తే పైన ఏ మిద్దె, అంటే ఏ రకం పైకప్పు, ఉందో చాలావరకు ఊహించవచ్చు. మిద్దె ఏదో తెలిస్తే రోగమేదో తెలుస్తుంది. ఈ వరస పట్టుకోకుండా అన్నిటికీ ఒకే సిమెంటు మందు పూస్తున్నారు కాబట్టే పాత భవనాలు ఏటా కొత్తగా కారుతున్నాయి.

ముందు కచేరీ, అంటే కలెక్టరాఫీసు, సంగతి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురాన్ని తన కేంద్రంగా చేసుకుని 1807 దాకా పనిచేశాడు. మరుసటేడు దత్త మండలాలను బళ్ళారి, కడప జిల్లాలుగా చీల్చారు. అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడివడింది 1882లో. కర్నూలు కథ వేరు. అక్కడ నవాబు 1839 దాకా కప్పం కట్టుకుంటూ పాలించాడు. ఆ ఏడు కంపెనీ గులాం రసూల్ ఖాన్‌ను దించేశాక గానీ కర్నూలు నేరుగా తెల్లదొరల చేతికి రాలేదు. అందుకే కర్నూల్లో కోట బురుజుల పక్కన, నవాబుల కట్టడాల నడుమ ఇంగ్లీషు కచేరీలు ఇరికించినట్టు కనిపిస్తాయి. కడపలో, అనంతపురంలో ఊరు కచేరీ చుట్టూ పెరిగింది. కచేరీకి డబ్బు సర్కారుది, ప్లాను ఇంజనీర్లది. టేకు దూలాలు తెప్పించుకునే స్తోమతు దానికే ఉండేది.

మున్సిపాలిటీ ఆ తర్వాతిది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1865 పట్టణాభివృద్ధి చట్టంతో ఊళ్ళకు కమిటీలు వచ్చాయి. కలెక్టరు అధ్యక్షుడు, సభ్యులు నామినేటెడ్. ఇంటి పన్ను, వృత్తి పన్ను, బండ్ల మీదా పశువుల మీదా పన్ను, టోలు రాబడి. ఇదీ బొక్కసం. అందులోంచే పట్టణ పోలీసుల ఖర్చులో వాటా కూడా పెట్టుకోవాల్సి వచ్చేది. వైస్రాయి రిప్పన్ 1882లో స్థానిక స్వపరిపాలన తీర్మానం తెచ్చాక, 1884 జిల్లా మున్సిపాలిటీల చట్టంతో ఎన్నికైన సభ్యుల పాలు పెరిగింది. 1920 చట్టం దాన్ని ఇంకా పెంచింది. ఈ చరిత్ర గోడల్లోనే కనబడుతుంది. మొదట్లో కట్టిన మున్సిపల్ ఆఫీసులో మీటింగు హాలు చిన్నది, పన్ను కట్టించుకునే వరండా పెద్దది. పదిమంది నామినేటెడ్ సభ్యులకు ఒక గుండ్రబల్ల పట్టే గది చాలు కదా. సభ్యుల సంఖ్య పెరిగాక పక్క గోడ పగలగొట్టి రెండు గదులు కలిపిన గుర్తులు, కమాను కింద దూర్చిన ఇనప గర్డరు, ఒక మూల కొత్తగా కట్టిన మెట్లు కనిపిస్తాయి. మున్సిపాలిటీకి ఒకేసారి కట్టేంత డబ్బు ఎప్పుడూ లేదు. ముక్కలు ముక్కలుగా కట్టింది. ఆ ముక్కల మధ్య అతుకులే ఇప్పుడు చీలికలు. కర్నూలు 1994లో, కడప 2004లో, అనంతపురం 2005లో కార్పొరేషన్లయ్యాయి. హోదా మారింది గానీ అతుకులు అలాగే ఉన్నాయి.

టౌన్‌హాలు ఈ రెండూ కాదు. అది చందాలతో కట్టిన సభామందిరం. మద్రాసు వెళ్ళినవాళ్ళు ఈ తేడా కళ్ళారా చూడవచ్చు: సెంట్రల్ స్టేషను దగ్గర విక్టోరియా పబ్లిక్ హాలు, పక్కనే రిప్పన్ బిల్డింగు. మొదటిది 1880ల చివర్లో ఆర్కిటెక్టు ఛిషోమ్ ప్లానుతో ఊరి పెద్దల చందాల మీద లేచిన టౌన్‌హాలు. రెండోది 1913లో ప్రారంభమైన కార్పొరేషన్ ఆఫీసు. ఒకే ఆవరణలాంటి చోట రెండు వేరువేరు ప్రాణాలు. జిల్లా కేంద్రాల్లోనూ అదే నమూనా. విక్టోరియా రాణి జూబిలీలు, పట్టాభిషేకాల పేరు చెప్పి చందాలు దండేవాళ్ళు, కానీ లోపల జరిగింది నాటకాలూ ఉపన్యాసాలూ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకం, తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్ళారి రాఘవ ఉన్న సీమ ఇది. హాలు కట్టారంటే వేదిక ఉండాల్సిందే. వేదిక ఉందంటే మధ్యలో స్తంభాలు అడ్డం రాకూడదు. ముప్పై నలభై అడుగుల వెడల్పు ఖాళీగా ఉండాలి. ఆ ఒక్క అవసరమే పైకప్పును తేల్చేసింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక మాట ప్రకారం రాజధాని సీమకు వచ్చినప్పుడు పెద్ద కట్టడాల లోటు బయటపడింది. కర్నూల్లో కచేరీ ఉంది, మున్సిపాలిటీ ఉంది. 140 మంది సభ్యుల శాసనసభకూ, ఒక సచివాలయానికీ చాలే కట్టడం మాత్రం లేదు. ఆఫీసులూ ఉద్యోగులూ డేరాల్లో గడిపారు. 1956 నవంబరు 1న హైదరాబాదుకు మూట కట్టేదాకా ఉన్న భవనాల్లోనే సర్దుకున్నారు. ఆ మూడేళ్ళల్లో పాత ఆఫీసుల లోపల లేచిన అడ్డుగోడలు, మూసేసిన వరండాలు తర్వాత చాలాచోట్ల అలాగే మిగిలిపోయాయి. గాలి కోసం కట్టిన వరండాను ఇటుకతో మూసేస్తే ఏమవుతుందో కింద చెబుతాం.

అనంతపురం గడియారస్తంభం చందాల టౌన్‌హాలూ కాదు, పన్నుల ఆఫీసూ కాదు, స్వాతంత్ర్యానికి గుర్తు. పదిహేనడుగుల వెడల్పు, ఎనిమిది ముఖాలు, నలభై ఏడడుగుల ఎత్తు: 15-8-47 తేదీని కొలతలుగా మార్చారు. మేస్త్రీ పని దృష్టితో చూస్తే ఎనిమిది మూలలు సరిగ్గా తిప్పడం నాలుగు మూలల కన్నా చాలా కష్టం. దాని ముందు నిలబడే వాళ్ళలో ఆ సంగతి గమనించేవాళ్ళు తక్కువ.

ఇక మిద్దెలు.

కచేరీ మీద సాధారణంగా ఉండేది మద్రాసు టెర్రసు. సీమ చౌడు మిద్దెకు ఇది పెద్దన్న అనుకోవచ్చు. మన ఇళ్ళ మిద్దెలో దూలాల మీద దంతెలు (అడ్డంగా వేసే సన్నటి దూలాలు), వాటి మీద కట్టెలూ బోద గడ్డీ, ఆపైన చౌడు మట్టి. వానకు చౌడు మెత్తబడి చీలికలు తనే మూసుకుంటుంది. అందుకే ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోస్తే చాలు. మద్రాసు టెర్రసులో బోద స్థానంలో ఇటుక వస్తుంది. టేకు దూలాల మీద దాదాపు అడుగున్నర ఎడంతో దంతెలు పరుస్తారు. ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలచటి ఇటుకలను నిలువుగా, దంతెలకు ఏటవాలుగా సున్నంలో పేర్చుకుంటూ పోతారు. ఏటవాలు ఎందుకంటే, ఒక ఇటుక జారినా బరువు పక్క వరసలోకి పోతుంది. ఆ ఇటుకల మీద సున్నంలో కలిపిన ఇటుక జల్లి నాలుగంగుళాల మందం పోసి, చెక్క దిమ్మిసలతో మూడు రోజులు కొట్టి మూడంగుళాలకు తెస్తారు. దిమ్మిస దెబ్బకు గుంట పడనంత గట్టిపడితేనే ఆపాలి. దానిపైన పెంకు బిళ్ళలు, వాటి మీద సున్నపు గిలాబు (పైపూత). ఈ కొట్టుడే మిద్దెకు ప్రాణం. రెండు రోజులకే ఆపేసిన మిద్దె జన్మంతా కారుతుంది.

బెల్లం, కరక్కాయ నీళ్ళు, కోడిగుడ్ల సొన అని గైడ్లు చెప్పే కథల్లో కొంత నిజం ఉంది. బెల్లపు నీళ్ళు కలిపితే సున్నం బాగా కరిగి, పట్టు పెరుగుతుంది. మోతాదు మించితే గట్టిపడడం ఆలస్యమై చీమలు పడతాయి. గుడ్డు సొన అద్దంలాంటి పైపూతకు వాడేది. గోడలన్నీ గుడ్లతో కట్టారనడం మాత్రం కోళ్ళకు చేసే అన్యాయం.

మున్సిపల్ ఆఫీసుకు టేకు అందని ఖరీదు. అందుకని ఊళ్ళో దొరికేది వాడారు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు కడప బండ, కర్నూలు దిక్కున బేతంచెర్ల నాపరాయి, అనంతపురం వాళ్ళకు తాడిపత్రి బండ. రెండు మూడడుగుల ఎడంతో దంతెలో గర్డర్లో వేసి, వాటి మీద బండలు పరిచి, పైన సున్నపు జల్లి. లేదంటే ఇనప గర్డర్ల మధ్య నాలుగైదు అడుగుల ఇటుక కమానులు తిప్పి పైన చదును చేశారు. అంగుళంన్నర మందం కడప బండ చదరపు అడుగుకు దాదాపు పది కిలోలు తూగుతుంది. పైన జల్లి బరువు దానికి తోడు. దంతెల ఎడం ఎక్కడైనా మూడడుగులు దాటితే మధ్యలో అడ్డంగా పగులు కనిపిస్తుంది. సున్నపురాయి జాతి బండ పొరలు పొరలుగా ఉంటుంది. నీళ్ళు లోపలికి దిగితే అడుగు పొర ఊడి కింద పడుతుంది.

టౌన్‌హాలుకు ఈ రెండూ కుదరవు. నలభై అడుగులు దాటించే దూలం ఎక్కడ దొరుకుతుంది? అందుకని చెక్క వాసాలతో త్రికోణపు చట్రాలు, వాటి మీద మంగళూరు పెంకులు. ఆ పెంకులు వంద చదరపు అడుగులకు నూటయాభై దాకా పడతాయి. ఇక్కడ రోగం కప్పు మధ్యలో ఉండదు, చట్రం గోడ మీద కూర్చునే పాదం దగ్గర ఉంటుంది. కోతులు కదిపిన ఒక్క పెంకు చాలు. నీరు చట్రం వెంట జారి సరిగ్గా పాదం దగ్గర నిలుస్తుంది. పైన పెంకు మార్చి ఊరుకుంటే రెండేళ్ళకు పాదం పుచ్చిపోయి చట్రమే కుంగుతుంది.

గోడల విషయంలో మూడూ ఒకటే: అడుగున్నర నుంచి రెండడుగుల మందం, సున్నం లేదా మట్టి అడుసు, పునాదిలో తేమను ఆపే పొర ఉండదు. అది తప్పు కాదు. నేలలోంచి ఎక్కిన తేమ గిలాబు గుండా బయటికి ఆరిపోతుందన్న నమ్మకం మీద కట్టిన గోడ అది. అనంతపురం లాంటి చోట ఏటా 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వానకు, మిగతా నెలల ఎండకు, ఆ నమ్మకం సరిపోయింది. చుట్టూ వరండా ఉంది కాబట్టి ఎండా వానా గోడను నేరుగా కొట్టవు. వరండాను మూసేసిన చోట ఆ గోడ ఎటూ ఆరలేక లోపలి గదుల్లోకి తేమను వదులుతుంది. బీరువాల వెనక బూజు, రికార్డు కట్టల అడుగున చెద అక్కడ మొదలవుతాయి.

సిమెంటు చేసే పని చెబుతాం. మన నేలలు చౌడువి, తేమతో పాటు ఉప్పు పైకి ఎక్కుతుంది. సున్నపు గిలాబులో తేమ బయటికి వచ్చాక ఉప్పు పైన తెల్లగా పూసి రాలిపోతుంది. చీపురుతో ఊడ్చేస్తే అయిపోతుంది. సిమెంటు గిలాబు తేమను వదలదు. తేమ దారి వెతుక్కుంటూ ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు సిమెంటు వెనకే గడ్డకట్టి ఉబ్బుతుంది. మూడు నాలుగేళ్ళకు గిలాబు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి పడుతుంది, దాంతో పాటు పాత ఇటుక ముఖం కూడా. "ఈసారి గట్టిగా వేయండి" అని ఇంకా బలమైన సిమెంటు వేయిస్తారు. ఈసారి ఇటుక ఇంకా లోతుగా పోతుంది.

దీనికి తోడు రోడ్డు. ఏళ్ళ తరబడి రోడ్డు మీద రోడ్డు వేసి నేల మట్టం అడుగున్నర పెరిగింది, పాత భవనం పీఠం కనపడకుండా పోయింది. గోడ మొదలు దాకా కాంక్రీటు వేస్తే నేలలో తేమకు మిగిలిన ఏకైక దారి గోడే. గోడ వారగా రెండడుగుల వెడల్పు కందకం తీసి, పాత పీఠం కనీసం అడుగు ఎత్తు బయటపడేలా చేసి, కంకర నింపి, వాన నీరు దూరంగా పోయే వాలు ఇవ్వడం ఏ గిలాబు కన్నా ముందు చేయాల్సిన పని. ఖర్చు తక్కువ కాబట్టే ఎవరూ దీన్ని అంచనాల్లో పెట్టరు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచినప్పటి పాఠం కూడా ఇదే. మునిగిన మందపు గోడ ఆరడానికి నెలకు అంగుళం చొప్పున లెక్క వేసుకోవాలి. అడుగున్నర గోడకు రెండు వైపులా గాలి తగిలినా తొమ్మిది నెలలు, ఒకవైపే ఆరితే ఏడాదిన్నర. రెండు నెలలకే రంగులు కొట్టిన గోడ లోపలి నీళ్ళను దాచుకుంటుంది, అంతే.

మిద్దె మీద సిమెంటు ఇంకో రకం దెబ్బ. 800 చదరపు అడుగుల హాలు మీద ఒక్క అంగుళం సిమెంటు పూత దాదాపు నాలుగు టన్నులు. పదేళ్ళకోసారి కారిందని ఒక్కో పూత వేసుకుంటూ పోతే మూడు పూతలకు పన్నెండు టన్నులు. దూలం ఆ బరువుకు వంగుతుంది, వంగితే పైన చీలిక, చీలికలోంచి నీరు, నీరుందని ఇంకో పూత. పైన వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టడం ఒక టన్నును ఒకే చోట మోపడం. ఎంత వంగిందో చూడడానికి పెద్ద సాధనాలు అక్కర్లేదు. దూలం అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు నూలు బిగించి మధ్యలో ఎడం కొలవండి. పదిహేనడుగుల దూలానికి ముప్పావు అంగుళం దాటితే ఇంజనీరును పిలిచే సమయం వచ్చింది. గోడలోకి దూరిన దూలం చివర స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి. సులువుగా దిగితే చివర పుచ్చింది. మధ్యలో చూడ్డానికి బాగున్న దూలాలు చాలావరకు చచ్చేది అక్కడే.

కొందరు అసలు ఈ గొడవంతా ఎందుకని పాత మిద్దె తీసేసి కాంక్రీటు స్లాబు పోస్తారు. పది మీటర్ల స్లాబు ముప్పై డిగ్రీల తేడాకు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. కడప ఎండకు మధ్యాహ్నానికీ తెల్లవారుజాముకీ స్లాబు పైముఖానికి ఆ తేడా అరుదేమీ కాదు. స్లాబు రోజూ సాగి ముడుచుకుంటుంటే దాని కింద సున్నపు గోడ పై వరస అడ్డంగా చిట్లుతుంది. ఆ చీలికలోకి మళ్ళీ నీరే.

గర్డర్ల మిద్దెకు శత్రువు తుప్పు. తుప్పు పట్టిన ఇనుము అసలు పరిమాణం కన్నా చాలా రెట్లు ఉబ్బి పక్క ఇటుకల్ని తోస్తుంది. కింద నుంచి చూస్తే గర్డరు వెంట పొడుగ్గా గిలాబు ఊడిన గీత కనిపిస్తుంది. అక్కడ కొత్త గిలాబు వేసి దాచడం ప్రమాదం. తుప్పు పొర గీకేసి, మిగిలిన మందం కొలవాలి. గర్డరు కింది రెక్క మందం పావు వంతు పోయి ఉంటే దాన్ని నమ్మకూడదు.

సరైన రిపేరు వానల్లో మొదలవుతుంది, ఎండల్లో కాదు. మొదటి నాలుగు వానల్లో కింద ఎక్కడ చెమ్మ పడుతుందో సుద్దతో గుర్తు పెట్టి, రెండు గోడల నుంచి దూరం కొలిచి పైన అదే చోటు కనుక్కోవాలి. చీలిక సాధారణంగా ఆ చోటి కన్నా వాలు ఎగువన ఉంటుంది, ఎందుకంటే నీరు ఇటుకల సందుల్లో జారి వచ్చి కింద పడుతుంది. తర్వాత తూములు. 400 చదరపు అడుగులకు ఒక నాలుగంగుళాల తూము ఉందా, దాని మూతికి చెత్త అడ్డం లేదా చూడాలి. సగం కారుడు ఇక్కడే తీరిపోతుంది. పిట్టగోడ సందులో రావి మొక్క కనిపిస్తే పైన విరిచేయడం దానికి అంటు కట్టడంతో సమానం. వేరు చుట్టూ ఇటుకలు విప్పి, వేరు మొత్తం లాగి, మళ్ళీ సున్నంలో కట్టాలి.

ఎండలు మొదలయ్యే లోపు సిమెంటు పూతలు సుత్తీ ఉలితో తీయాలి. బ్రేకరు మిషను పెడితే కింద నిలువు ఇటుకలు కదులుతాయి. చీలికను ఉలితో వెడల్పు చేసి, తడిపి, ఒక పాలు నానిన సున్నం, ఒక పాలు సుర్కీ, ఒక పాలు ఇసుక కలిపి కూరాలి. సుర్కీ అంటే సరిగ్గా కాలని ఇటుకల పొడి. బాగా కాలిన ఇటుక పొడి పనికిరాదు, సున్నంతో కలిసి గట్టిపడే గుణం దాంట్లో చచ్చిపోతుంది. సున్నాన్ని కనీసం రెండు వారాలు, వీలైతే నెలలు నీళ్ళలో నాననివ్వాలి. సరిగ్గా నానని పలుకు గోడలోకి వెళ్ళాక నాని ఉబ్బి, గిలాబు మీద నాణెమంత పెచ్చును ఊడదీస్తుంది. గిలాబు అరంగుళం చొప్పున రెండు మూడు పూతలుగా వేసి, రెండు వారాలు తడి గోనెలు కప్పాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా రాయవుతుంది. మే నెల ఎండకు ఒక్క రోజులో ఆరిపోతే రాయి కాదు, పిండిగా మిగులుతుంది. ప్లాస్టిక్ రంగులు వద్దు, వెల్ల మూడు పూతలు చాలు.

ఇక టెండరు. రేట్ల పట్టికలో సిమెంటు పనికి తేలిగ్గా రేటు దొరుకుతుంది. సున్నం పనికి సున్నం నానబెట్టే రోజులు, దిమ్మిస కొట్టే కూలి, తడిపే నీళ్ళు విడివిడిగా రాసి రేటు విశ్లేషణ జత చేయకపోతే తక్కువకు పాడినవాడు సున్నంలో సిమెంటు కలిపేస్తాడు. అంచనాలో నానబెట్టే కాలం, పాళ్ళు, తడిపే రోజులు అక్షరాలా రాయాలి. పని చూసేవాళ్ళకు ఒక చిన్న పరీక్ష: వారం తర్వాత మేకుతో గీరితే సున్నపు గిలాబు తెల్లటి పొడి రాలుస్తుంది, సిమెంటు కలిస్తే మేకు జారి బూడిదరంగు గీత మిగులుతుంది. బిల్లు మీద సంతకం పెట్టే ముందు వరండా తలుపు వెనకాల గీరి చూడండి. కనపడే ముందు గోడకు అందరూ మంచి పనే చేస్తారు.